కోతి కేసులో పోయిన మీసం

— తాతగారూ, ఈ ఫోటోలో మీకు ఇంత మీసం ఉంది. ఇప్పుడు లేదేంటి?

రెండువేల ఇరవై మూడు, చలికాలం. ఫిబ్రవరి నెల. ఇక్కడి చలి గురించి నీకు నేను చెప్పక్కర్లేదులే, వచ్చి మూడు నెలలన్నా కాలేదు, చెవులు అప్పుడే మిరపపండ్లలా ఉన్నాయి. టోపీ పెట్టుకోమంటే జుట్టు పాడవుతుందంటావు. సరే, మీసం సంగతి. కూర్చో సింధూ. ఆ కుర్చీ వద్దు, దానికి ఒక కాలు కుంటి. ఇటు కూర్చో.

ఇప్పుడు నువ్వుంటున్నావే, ఆ బేస్‌మెంట్‌లో అప్పట్లో ఐదుగురు మగపిల్లలుండేవాళ్ళు. మా అబ్బాయి ముగ్గురికనే అద్దెకిచ్చాడు. నాలుగోవాడు చుట్టపుచూపుగా వచ్చి ఉండిపోయాడు. ఐదోవాడు ఎలా వచ్చాడో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. ఆ రోజుల్లో ఎడ్మంటన్‌లో ఎటు చూసినా మన పిల్లలే. కాఫీ కొట్టులో కాఫీ పోసేది మన పిల్లలే, తాగేదీ మన పిల్లలే. ఒకరోజు బస్సులో నేను తుమ్మితే వెనక సీట్లోంచి "చిరంజీవ" అని వినబడింది. తిరిగి చూస్తే ఎవరో తెలీని కుర్రాడు, సంచీ ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నాడు. నిద్రలోనే అన్నాడు చూడు.

ఆ ఐదుగురిలో వంశీ అని ఒకడు, మనిషి సన్నంగా, ఎప్పుడూ ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు ఉంటాడు. రెండిళ్ళ అవతల కీర్తి అని ఖమ్మం పిల్ల. చదువు ఏదో కంప్యూటర్లే గానీ పిచ్చంతా నాటకాల మీద. తెలుగువాళ్ళ సంఘం వాళ్ళు చలికాలంలో ఒక సాయంత్రం ఆటపాటలు పెడతారు కదా, అందులో ఈ పిల్లకి ఇరవై నిమిషాలిచ్చారు, చిన్నపిల్లల డాన్సుకీ భోజనాలకీ మధ్య. అంటే అర్థమైందా? జనం సగం మంది పులిహోర వైపే చూస్తుంటారు.

ఆ పిల్ల ఒక రోజు వచ్చి, "తాతా, కోర్టు నాటకం వేస్తున్నం. మంచిగుంటది. నువ్వు కోర్టుల పనిచేసినవంట గదా, చూసి తప్పులు చెప్పు" అంది.

పనిచేశాను. ముప్పై నాలుగేళ్ళు. ఏం పని అంటావేమో, డవాలా బంట్రోతుని. అడ్డంగా ఎర్ర పటకా వేసుకుని, దాని మీద ఇత్తడి బిళ్ళ పెట్టుకుని, జడ్జిగారి కుర్చీ వెనక నిలబడేవాణ్ణి. అక్కడ మేజిస్ట్రేటుగారు అనాలి, కానీ అందరం జడ్జిగారనే అనేవాళ్ళం. ఆయన వస్తుంటే కుర్చీ వెనక్కి లాగాలి, కూర్చోగానే ముందుకు తొయ్యాలి, కేసు పిలవగానే గుమ్మం దగ్గరికొచ్చి పేరు మూడుసార్లు కేకెయ్యాలి. నేను కేకేస్తే ఎదురు హోటల్లో టీ తాగేవాడు గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు. ఉద్యోగంలో చేరిన రోజునే ఆ మీసం మొదలెట్టా. పటకాకి మీసం లేకపోతే అందం లేదు. రోజూ ఆముదం రాసేవాణ్ణి, మీ నాన్నమ్మ... నీకు నాన్నమ్మ వరసేలే, ఆవిడ అనేది, నాకన్నా ముందు ఈ మీసాన్నే చేసుకున్నావు అని.

ఏదీ, ఎక్కడున్నా? ఆ, నాటకం.

కథేంటంటే, అమెరికాలో ఎప్పుడో ఒక చిన్న ఊరు. అక్కడో బడిపంతులు, మనిషి కోతి నుంచి వచ్చాడని పిల్లలకి పాఠం చెప్పాడు. అలా చెప్పకూడదని అక్కడ చట్టం ఉందట. పట్టుకుపోయి కోర్టులో నిలబెట్టారు. దాని మీద నాటకం ఆడారు, తర్వాత సినిమా తీశారు, అది చాలక టీవీకి మళ్ళీ తీశారు, మళ్ళీ మళ్ళీ తీశారు. కీర్తి దాన్ని తెలుగులోకి దింపింది. నేను అంతా విని అడిగా, "కోతి నుంచి వచ్చామంటే వాళ్ళకి కోపమెందుకమ్మా?"

"అదే కథ తాతా. దేవుడు చేసిండు గానీ కోతి నుంచి రాలేదని వాళ్ళ వాదన."

"అయితే ఏమైంది? మన దగ్గర కోతిలోనే దేవుడున్నాడుగా?"

ఆ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టుకుంది. నీకు నవ్వుగా ఉందా? ముందు ముందు ఈ మాటే కొంప ముంచింది, చెప్తా ఆగు.

ఆ సినిమాలన్నీ పెట్టి చూపించారు నాకు, ఇదిగో ఈ టీవీలోనే. ఒకటి నలుపు తెలుపు, మిగతావి రంగులు. ఒక్కోదాంట్లో ఒక్కో లాయరు, ఒకాయన అరుస్తాడు, ఒకాయన గొణుగుతాడు. అందరికీ ఒళ్ళంతా చెమటలే. వీళ్ళంతా ఆ లాయరు బాగా చేశాడు, ఈ లాయరు బాగా చేశాడు అని కొట్టుకుంటున్నారు. నేను అన్నిట్లోనూ బంట్రోతు కోసం వెతికా. లేడు. కుర్చీ ఎవరూ లాగలేదు, పేరు ఎవరూ పిలవలేదు. జడ్జి తనంతట తనే వచ్చి, దిక్కులేనివాడిలా కూర్చుంటాడు. పైగా సుత్తి పెట్టి బల్ల బాదుతాడు! మా కోర్టులో ఏ జడ్జిగారి దగ్గరా సుత్తి చూడలేదు నేను. జనం గోల చేస్తే నేను ఇలా చూసేవాణ్ణి. అంతే. మీసం ఉన్నది దేనికి?

ముద్దాయి పంతులు వేషం వంశీకిచ్చారు. ఇక జడ్జి వేషం ఎవరు వెయ్యాలి అన్న చోట గొడవ వచ్చింది. మన డాక్టరుగారు, వీధి చివర ఇల్లు, నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉండి రిటైరయిన పెద్దమనిషి. విగ్గు పెడతారు. విగ్గు అని అందరికీ తెలుసు, తెలుసని ఆయనకి మాత్రం తెలీదు. జడ్జి తనే అని నిశ్చయించుకుని నల్లకోటు ఇస్త్రీ చేయించుకు వచ్చేశారు. కీర్తి ఏమో, "అంకుల్, మీరు ప్రాసిక్యూషన్ లాయరు. చాలా డైలాగులున్నయి మీకు. జడ్జి తాతే" అంది.

ముప్పై నాలుగేళ్ళు ఆ కుర్చీ లాగాను గానీ, దానిలో... ఒకసారి, ఆదివారం నాడు దుమ్ము దులుపుతూ ఒక్క నిమిషం కూర్చుందామనుకున్నా. కూర్చోలేదు. కాళ్ళు వంగలేదు.

డాక్టరుగారు ఏమన్నారంటే, "జడ్జి తీర్పు చదవాలండీ. ఈయన చదవగలరా?"

మాట తగిలింది. చదువు నాకు ఆలస్యంగా వచ్చిందని ఆయనకి నేనే ఎప్పుడో చెప్పాను, పార్కులో నడుస్తూ. నాకు పంతొమ్మిదేళ్ళొచ్చేదాకా అక్షరం రాదు. రాత్రిబడిలో నేర్చుకున్నా. అలాంటి మాట అనిపించుకున్నాక ఊరుకుంటానా? "డాక్టరుగారూ, కాగితం మీద ఏముంటే అది, అక్షరం పొల్లుపోకుండా చదువుతా. ఒక్క అక్షరం తేడా వస్తే ఈ మీసం తీయించుకుంటా" అన్నా.

ఆయన ఉక్రోషంగా, "మీరు చదివితే నేను... నేను..." అని తన నెత్తి తడుముకుని ఆగిపోయారు. వంశీ మెల్లిగా, "అంకుల్, అది పందెం కాస్తారా?" అన్నాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేక మా మనవరాలు మాత్రం పైకి పారిపోయింది. మెట్ల మీద నుంచి "తాతా, దిస్ ఈజ్ సో ఎంబరాసింగ్" అంది. దానికి అన్నీ ఎంబరాసింగే.

రిహార్సళ్ళు మన బేస్‌మెంట్‌లోనే. పన్నెండు మంది జ్యూరీ కావాలి. మొదటి రోజు పద్నాలుగు మంది వచ్చారు. తర్వాత ఒకడికి షిఫ్టు, ఒకడికి పరీక్ష, ఒకడికి రెజైనాలో ఉద్యోగం వస్తే సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. చివరికి ముగ్గురు మిగిలారు. అందులో ఒకడు ఇంటింటికీ తిండి మోసే పని, సంచీ వీపు మీదనుంచి దించడు.

ఇంకో తంటా, డాక్టరుగారితో. ఆయన డైలాగు ఏంటి? "ఈ పంతులు, మనిషి కోతి నుంచి వచ్చాడని పసిపిల్లలకి విషం పోశాడు!" అని గర్జించాలి. ఆయన గర్జించి, వెంటనే మామూలు గొంతుతో, "కానీ కీర్తీ, అది తప్పమ్మా. కోతి నుంచి రాలేదు. కోతికీ మనకీ పూర్వీకుడు ఒకడే. అలా రాస్తే చూసేవాళ్ళు నా గురించి ఏమనుకుంటారు? నలభై ఏళ్ళు ప్రాక్టీసు చేశాను" అంటారు. ఆ పిల్ల దణ్ణం పెట్టి, "అంకుల్, మీరు విలన్" అంటుంది. ఆయన మళ్ళీ గర్జిస్తారు, మళ్ళీ సవరిస్తారు. రోజూ ఇదే.

నాకు మాత్రం ఒకటే పని. చివర్లో లేచి, కాగితం చూసి చదవాలి. "ముద్దాయి దోషి. వంద డాలర్లు జరిమానా." కీర్తి పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది, నా కళ్ళకి ఇబ్బంది లేకుండా. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. స్నానాల గదిలో కూడా చదివా. కోడలు తలుపు కొట్టి, "మామయ్యగారూ, ఎవరితో మాట్లాడుతున్నారు?" అని అడిగింది. ముద్దాయితో అన్నా.

ఆ రోజు రానే వచ్చింది. హాలు చూశావా నువ్వు? పెద్ద హాలు. సరిగ్గా ఆ సాయంత్రమే అక్కడ హీటరు చెడింది. బయట మైనస్ ఇరవై ఎనిమిది. జనమంతా కోట్లు, టోపీలు, చేతులకి తొడుగులు. స్టేజీ మీద మేమేమో పల్చటి చొక్కాల్లో, అట్టపెట్టెలు కత్తిరించి చేసిన విసనకర్రలతో విసురుకుంటున్నాం. కథలో ఎండాకాలం మరి! చెమట కోసం మొహాల మీద నీళ్ళు చల్లారు. "అబ్బ, ఏం ఉక్కపోత" అని వంశీ అంటే వాడి నోట్లోంచి ఆవిరి వచ్చింది. ముందు వరసలో ఒకావిడ, "పాపం, ఆ అబ్బాయికి శాలువా ఇవ్వండర్రా" అని గట్టిగా అంది.

నా వంతు వచ్చింది. నల్లకోటు, డాక్టరుగారిదే, నాకు మోకాళ్ళ దాకా ఉంది. తెర పక్కనుంచి నడిచా. బల్ల కనపడింది, కుర్చీ కనపడింది. వెళ్ళి... ఇది నేను చెప్పినా ఎవరూ నమ్మరు, వెళ్ళి కుర్చీ వెనక్కి లాగి, దాని వెనక నిలబడ్డా. చేతులు కట్టుకుని.

జడ్జిగారి కోసం చూస్తున్నా.

హాలంతా చూస్తోంది. నేనూ చూస్తున్నా. డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. ఇంకా రాలేదేంటా అని నేను తెర వైపు కూడా తొంగిచూశా. అప్పుడు బోనులోంచి వంశీ పెదవులు కదపకుండా, "తాతగారూ, జడ్జి మీరే" అన్నాడు.

కూర్చున్నా. ఎలా కూర్చున్నానో తెలీదు, కూర్చున్నా. మెత్తగా ఏం లేదు, మామూలు ఇనప కుర్చీ, మంచులా చల్లగా ఉంది. అయినా ఒక్క క్షణం... సరేలే. తర్వాత ఏమైందంటే, ముద్దాయిని పిలవాలి కదా? ఆ నాటకంలో పిలిచేవాడు లేడు. ఎవరూ పిలవకపోతే కేసెలా నడుస్తుంది? ఆ కుర్చీలోంచే లేచి నిలబడి, కడుపులోంచి గొంతెత్తి, "వంశీ! వంశీ! వంశీ!" అని మూడు కేకలేశా. వంశీ నా ఎదురుగా నాలుగడుగుల దూరంలో ఉన్నాడు, పాపం అదిరిపడ్డాడు. వంటగదిలోంచి వడ్డించేవాళ్ళు గరిటెలతో పరిగెత్తుకొచ్చారు. జనం ఒకటే నవ్వు.

గోల ఆపడానికి కీర్తి పక్కనుంచి సైగ, సుత్తి కొట్టు, సుత్తి కొట్టు అని. నాకు ఇష్టం లేదు గానీ పిల్ల మొహం చూసి కొట్టా. "ఆర్డర్! ఆర్డర్!" అన్నా. జ్యూరీలో సంచీవాడు గబుక్కున ఫోను తీసి చూసుకుని, "ఏదండీ, నాకు రాలేదే?" అన్నాడు.

ఇక ఆ జనాన్ని ఎవరాపుతారు?

డాక్టరుగారు లేచారు. నిజంగా బాగా చేశారు, లేని మాట ఎందుకనాలి. వేలు చూపించి, "ఈ పంతులు, మనిషి కోతి నుంచి వచ్చాడని చెప్పాడు!" అని గర్జించారు. జనం ఉలిక్కిపడాలి అక్కడ. వెనకనుంచి ఒకాయన, "జై హనుమాన్!" అన్నాడు. అంతే, హాలు హాలంతా చప్పట్లు.

డాక్టరుగారికి ఒళ్ళు మండింది. లాయరు సంగతి, నాటకం సంగతి అన్నీ మర్చిపోయారు. "అది కాదండీ! వినండి! మీలో చదువుకున్నవాళ్ళు ఎంతమంది?" అని మొదలుపెట్టి, జంతువు ఎలా మారింది, తోక ఎలా పోయింది, మన వెన్నెముక చివర దాని మొండి ముక్క ఇంకా ఎలా ఉంది, తన వెన్నెముక మీద చెయ్యి పెట్టి మరీ చూపించి, పది నిమిషాలు పాఠం చెప్పారు. పంతులు ఏ పాఠం చెప్పాడని కేసు పెట్టారో, ప్రాసిక్యూషన్ లాయరే ఆ పాఠం మొత్తం చెప్పేశాడు. ముందు వరసలో చిన్నపిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. వంశీ బోనులో నిలబడి తల ఊపుతున్నాడు, అవునవును అని.

టైము అయిపోయింది. పులిహోర చల్లారిపోతోంది. కీర్తి, తీర్పు, తీర్పు అని సైగ చేసింది. కాగితం తీశా.

ఇక్కడ నీకొకటి చెప్పాలి. మా రాత్రిబడి ఎందుకు మూతపడిందో చెప్పలేదు కదూ? వెంకటరత్నం మాస్టారని, పగలు పిల్లలకి చెప్పి, చీకటి పడ్డాక చావిట్లో లాంతరు పెట్టి మా కూలిజనానికి చెప్పేవాడు. నలభై మందిమి. అందరం పొలాల్లో ఎడ్లని అదిలించిన గొంతులు. "క కా కి కీ" అని అంటే చావడి దూలాలు అదిరేవి. ఊళ్ళో మోతుబరి ఒకాయన, నాకు నిద్ర పాడవుతోందని కేసు పెట్టాడు. నవ్వకు, నిజం. గుణింతాల మీద కేసు. అందరం కోర్టుకెళ్ళి అరుగు మీద కూర్చున్నాం. లోపల జడ్జిగారు చదువుతుంటే "దో" అని వినబడింది. అంతే. మాస్టారు బయటికొచ్చి, "నాకు జరిమానా వేశారురా. మీకు వచ్చిన అక్షరాలు మాత్రం వెనక్కిమ్మనలేదు" అన్నాడు. ఆ తర్వాత బడి లేదు. ఒత్తులు మొదలుపెట్టకముందే ఆగిపోయింది నా చదువు. ఒత్తులు నేను కోర్టులో చేరాక నా అంతట నేనే నేర్చుకున్నా. మొదట నేర్చుకున్న ఒత్తు మాట ఏంటో తెలుసా? నిర్దోషి.

ఎందుకంటే, అన్నేళ్ళూ ఆ కుర్చీ వెనక నిలబడి చూశాను కదా. జనానికి తీర్పు మొత్తం అక్కర్లేదు. జడ్జిగారి నోట్లోంచి వచ్చే మొదటి అక్షరం చాలు. "ని" అని వస్తే ఆ ముద్దాయి భార్య అక్కడే కూలబడి ఏడ్చేది, సంతోషానికి. "దో" అని వస్తే ఏడుపు కూడా రాదు వాళ్ళకి.

కాగితం మీద దోషి అని ఉంది. ఇంతింత అక్షరాలు. కళ్ళకి బాగానే కనపడుతోంది. వంశీ నావైపు చూశాడు. నాటకమని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. నోరు తెరిచా. "ని" వచ్చింది.

"ముద్దాయి నిర్దోషి" అన్నా.

డాక్టరుగారు కెవ్వుమన్నారు. "కాగితంలో దోషి అనుందండీ! నేను చూశాను!"

"జడ్జి ఎవరు?" అన్నా. "కూర్చోండి. పాఠం చెప్పినందుకు శిక్షయితే ముందు మిమ్మల్ని వెయ్యాలి లోపల. పది నిమిషాలు చెప్పారు."

సుత్తి తీసి కొట్టా. ఆ ఒక్కసారీ ఇష్టంగా కొట్టా. ఆ దెబ్బకి సుత్తి తల ఊడి జ్యూరీ మధ్యలో పడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సగం మంది మా కోసం, సగం మంది భోజనాల కోసం అని వంశీ అంటాడు. వాడి మాటకేంలే.

కీర్తి తెర వెనక నా మీద విరుచుకుపడింది. "ఏం చేసినవ్ తాతా! శిక్ష పడితేనే కదా కథ! మూడు నెలలు రాసిన!" అని. తర్వాత ఏడ్చింది, తర్వాత నవ్వింది, తర్వాత రెండు ప్లేట్ల పులిహోర తింది. ఇప్పుడు మిల్టన్‌లో ఉంది, మంచి ఉద్యోగం. అప్పుడప్పుడు ఫోను చేసి, "జడ్జిగారున్నరా?" అని అడుగుతుంది. మా కోడలు కూడా అలవాటుపడి, "ఉన్నారు, ఇస్తున్నా" అంటుంది.

మర్నాడు పొద్దున్నే డాక్టరుగారు వచ్చారు. కోటు కోసమనుకున్నా. నెత్తిన టోపీ, మొహంలో దిగులు. "పందెం సరదాకన్నానండీ. మీరు చదవలేక తప్పు చదవలేదని అందరికీ తెలుసు. మీసం జోలికి వెళ్ళకండి" అన్నారు.

"అక్షరం తేడా వస్తే అన్నాను. ఒకటి కాదు, రెండు అక్షరాలు ఎక్కువ చదివాను" అన్నా.

"రెండు కాదండీ. ని ఒకటి, ర్ ఒకటి, దాని కింద ద ఒత్తు..." అని లెక్కపెట్టడం మొదలుపెట్టారు ఆయన. లెక్క మాత్రం వదలరు. మావాడు చెప్పాడు, కోడలు చెప్పింది, వద్దని. నేను వంశీ దగ్గర ట్రిమ్మరు ఉందంటే పిలిచి, వంటింటి కిటికీ దగ్గర ఇదే కుర్చీలో, కాదు కాదు ఆ కుంటి కుర్చీలో, కూర్చున్నా. వంశీ ట్రిమ్మరు మీసం దాకా తెచ్చి మళ్ళీ వెనక్కి తీస్తున్నాడు. "కానివ్వరా, నిన్ను విడుదల చేసినవాణ్ణి" అన్నా. డాక్టరుగారు తువ్వాలు పట్టుకున్నారు. అయిపోయాక అద్దంలో చూసుకుంటే ఎవరో ముసలమ్మ. అప్పుడు డాక్టరుగారు తలుపు వేసొచ్చి, టోపీ తీసి, నా చెవిలో, "ఎవరికీ చెప్పకండి. ఇది విగ్గు. కావాలంటే వెనకవైపు కొంచెం కత్తిరించి ఇస్తాను, పెరిగేదాకా అంటించుకోండి" అన్నారు.

విగ్గని నాకు తెలీదన్నట్టే ఆశ్చర్యపోయా. అంత పెద్దమనిషి అడిగాక ఆ మాత్రం చెయ్యాలి.

ఏంటీ, బస్సుకి టైమయిందా? వెళ్ళు, వెళ్ళు. క్లాసు పోగొట్టుకోకు. ఆ టోపీ పెట్టుకో. చల్లగా... ఛ, ఈ ఊళ్ళో చల్లగా ఉండమని దీవించకూడదు. వెచ్చగా ఉండు తల్లీ. బాగా చదువుకో, గట్టిగా చదువుకో, బేస్‌మెంట్‌లో నువ్వు చదువుతుంటే పైకి వినపడినా నేనేం కేసు పెట్టను.

మీసమంటావా, యాభై రెండేళ్ళది. ఆ పొద్దున పోయింది. మళ్ళీ పెంచలేదు.